ఇటాలియన్ టమాటా సాస్‌లో బీఫ్ రెండు గంటలైనా మెత్తబడలేదు, ఏం చేయాలి?

విజయనగరం నుంచి మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఇటాలియన్ పద్ధతిలో టమాటా సాస్ పెట్టి, అందులో కిలో బీఫ్ వేసి, రెసిపీలో రాసినట్టే రెండు గంటలు ఉడికించారు. ముక్క రబ్బరులా సాగుతోంది, సాస్ పల్చగా, పుల్లగా ఉంది. ఇంకా ఉడికిస్తే పాడైపోతుందా, కుక్కర్‌లో పెట్టేయాలా, ఎలక్ట్రిక్ స్లో కుక్కర్ కొనుక్కోవాలా అని అడిగారు. క్రిస్మస్‌కి పన్నెండు మందికి ఇదే వండాలనుకుంటున్నామని కూడా రాశారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. మీ కూర పాడవలేదు, సగంలో దించేశారంతే. మళ్ళీ పొయ్యి మీద పెట్టి, మంట బాగా తగ్గించి, మూత కొంచెం తెరిచి ఉంచి ఇంకో గంటన్నర నుంచి రెండు గంటలు ఉడకనివ్వండి. ముక్క మెత్తబడుతుంది, నీరు ఇగిరి సాస్ చిక్కబడుతుంది, పులుపు కూడా చాలావరకు తగ్గుతుంది. కొత్త వస్తువేదీ కొనక్కర్లేదు. ఈసారి వండేటప్పుడు మాత్రం ముక్క ఎంపిక, టమాటా తయారీ, ఈ రెండూ మార్చుకోవాలి.

నాది ఉద్దానం. మా వైపు కుర్రాళ్ళు ఓడల మీద పనికి వెళ్ళడం మామూలే. నేనూ అలాగే వెళ్ళి పద్నాలుగేళ్ళు గ్యాలీలో, అంటే ఓడ వంటగదిలో పనిచేశాను. అందులో ఆరేళ్ళు నా పైన ఉన్న పెద్ద వంటాయన ఇటలీలోని నేపుల్స్ నగరం మనిషి. ప్రతి ఆదివారం ఆయన ఈ కూర వండేవాడు. వాళ్ళ భాషలో దీన్ని రగు అంటారు. ఇంటికి వచ్చేశాక, మన దగ్గర దొరికే మాంసంతో, మన పొయ్యి మీద అదే రుచి రప్పించడానికి నాకు చాలాకాలం పట్టింది. మీరు పడిన ఇబ్బంది నేనూ పడ్డాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

అసలు విషయం మాంసం దగ్గరే ఉంది. మీరు చూసిన రెసిపీ ఇటలీలోనో అమెరికాలోనో దొరికే ఆవు మాంసానికి రాసింది. మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం ప్రకారం ఆవుల్నీ, దూడల్నీ వధించడం నిషేధం. మిగతా పశువులకైనా అధికారి ధ్రువపత్రం ఉండాలి. కాబట్టి శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ లైసెన్సు ఉన్న కొట్లో పెద్ద మాంసం అని మీకు ఇచ్చేది చాలావరకు గేదె మాంసమో దున్న మాంసమో. అది కూడా వయసు మీరిన పశువుది. రంగు ముదురుగా ఉంటుంది. కొవ్వు కండ మధ్యలో సన్నటి గీతల్లా అల్లుకుని ఉండదు, విడిగా తెల్లగా ఒక పక్కన ఉంటుంది. రుచికి ఏ లోటూ లేదు, నా మటుకు నాకు ఇందులోనే మాంసం రుచి ఎక్కువనిపిస్తుంది. కానీ ఇటాలియన్ రెసిపీలో రెండు గంటలని ఉంటే మన మాంసానికి మూడున్నర నుంచి నాలుగున్నర గంటలు పడుతుందని లెక్క వేసుకోండి. నేను ఇంట్లో మొదటిసారి వండినప్పుడు, ఓడ మీద పట్టే మూడు గంటలకే దించేశాను. మా అమ్మకి నమలడం కష్టమై ముక్క పక్కన పెట్టేసింది. మర్నాడు మిగిలిన కూర మళ్ళీ రెండు గంటలు సన్నమంట మీద ఉంచితే ఆవిడే చెంచాతో తుంపుకుని తింది.

ముక్క లోపల ఏం జరుగుతుందో తెలిస్తే టెన్షన్ ఉండదు. మాంసంలో కండ పోగులుంటాయి, వాటిని కట్టలు కట్టినట్టు పట్టి ఉంచే తెల్లటి పొరలుంటాయి. ఆ పొరల్లో ఉండేది కొల్లాజెన్. వేడి 60, 65 డిగ్రీలకి చేరేసరికి ఆ పొరలు ముడుచుకుని, తడిబట్ట పిండినట్టు కండని పిండేస్తాయి. అందుకే మొదటి గంటలో ముక్క చిన్నదైపోయి గట్టిపడుతుంది. 70 డిగ్రీలు దాటాక అదే పొర నెమ్మదిగా కరిగి జెలటిన్‌గా మారుతుంది. మేక కాళ్ళ పాయా చల్లారితే గడ్డ కడుతుంది చూడండి, అదే జెలటిన్. అది పోగుల మధ్యకి చేరినప్పుడే ముక్క నోట్లో వెన్నలా అనిపిస్తుంది. ఈ పని గంటలో అయ్యేది కాదు. మీరు రెండు గంటల దగ్గర రుచి చూసినప్పుడు ముడుచుకోవడం పూర్తయింది, కరగడం ఇంకా సాగుతోంది. చాలామంది సరిగ్గా అక్కడే భయపడి దించేస్తారు, లేకపోతే మంట పెంచేస్తారు.

మంట పెంచితే పొర త్వరగా కరిగే మాట నిజమే. కానీ కండ పోగుల్లో ఉన్న కాస్త తడీ పోయి ముక్క పీచు పీచుగా విడిపోతుంది. మెత్తగా ఉన్నా గొంతు దిగదు. పైగా టమాటా అడుగంటుతుంది. కూర 85 నుంచి 95 డిగ్రీల మధ్య నిలబడాలి. థర్మామీటరు అవసరం లేదు, ఎలా గుర్తుపట్టాలో కింద చెబుతాను.

ఇక కొట్లో ఏం అడగాలి? మీరు "మెత్తటి ముక్క ఇవ్వండి" అని అడిగి ఉంటారని నా అనుమానం. అలా అడిగితే తొడ కండ ఇస్తారు. చూడ్డానికి శుభ్రంగా, పొరల్లేకుండా ఉంటుంది. వేపుడుకి బావుంటుంది గానీ ఈ వంటకి పనికిరాదు. పొరే లేకపోతే కరగడానికి ఏముంటుంది, ఎన్ని గంటలు ఉడికించినా ఎండిపోతుంది. ముందుకాలి పిక్క, మెడ, జబ్బ, రొమ్ము, వీటిలో ఏదో ఒకటి అడగండి. తెల్లటి నరాలు, పొరలు కనిపిస్తున్నా వద్దనకండి. నాకు అన్నిటికన్నా పిక్క ఇష్టం. దాంతోపాటు ఒక మూలుగ ఎముక, గుప్పెడు తెల్లకొవ్వు కూడా వేయమనండి. గేదె మాంసంలో లోపలి కొవ్వు తక్కువని చెప్పాను కదా, ఆ లోటు ఇవి తీరుస్తాయి. ముక్కలు కూరకి కొట్టినంత చిన్నవి కాకుండా రెండంగుళాల పైన, ఒక్కోటి నిమ్మకాయ కంటే పెద్దగా ఉండాలి. చిన్న ముక్క నాలుగు గంటలకి చితికిపోతుంది. నేపుల్స్‌లోనైతే ఇంకా పెద్ద ముక్కలే వేస్తారు.

పచ్చి బొప్పాయి రాసి నానబెట్టమని ఎవరైనా సలహా ఇస్తే ఈ వంటకి మాత్రం వద్దు. బొప్పాయిలోని పెపైన్ మాంసకృత్తుల్ని కోసేస్తుంది. కబాబుకి అది కావాలి. గంటల తరబడి ఉడికే కూరలో ముక్క పైపొర పిండిలా అయిపోతుంది. అల్లం దట్టించినా కొంతవరకు అదే పని జరుగుతుంది. అల్లంవెల్లుల్లి ముద్ద, ధనియాల పొడి, గరంమసాలా కూడా వేయకండి. వేస్తే మంచి కూరే అవుతుంది, నేనూ వండుకుంటాను. కానీ మీరు అడిగిన రుచి అది కాదు.

ముందు రోజు రాత్రే కిలో మాంసానికి సుమారు 12 గ్రాముల ఉప్పు, అంటే రెండు చిన్న చెంచాలు, రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లారేసరికి ఉప్పు లోపలికి దిగుతుంది. వండేముందు పొడిబట్టతో ముక్కల్ని బాగా తుడవండి. తడి ఉన్నంతసేపూ ముక్క పైభాగం 100 డిగ్రీలు దాటదు, ఆవిరికి ఉడుకుతుంది గానీ వేగదు. ఎర్రబడి కమ్మటి వాసన రావాలంటే 140 డిగ్రీలు దాటాలి. నూనె బాగా కాగాక ఒక్కసారి నాలుగైదు ముక్కలే వేయండి. గిన్నె నిండా వేస్తే నీరు ఊరి బూడిదరంగు వచ్చేస్తుంది. ఒక్కో వాయకి ఏడెనిమిది నిమిషాలు. అడుగున అంటుకున్న గోధుమరంగు పదార్థాన్ని కడిగేయకండి, సాస్‌కి సగం రుచి దాన్నుంచే వస్తుంది.

నూనె సంగతి. ఆలివ్ నూనె ఉంటే సరే, లేకపోతే వేరుశనగ నూనె వాడండి, తేడా తక్కువే. కిలో మాంసానికి నాలుగు పెద్ద చెంచాలు. నువ్వులనూనె మాత్రం వద్దు, దాని వాసన కూరంతా పరుచుకుంటుంది.

ముక్కలు తీసి పక్కన పెట్టి, అదే గిన్నెలో రెండు ఉల్లిపాయలు, ఒక క్యారెట్ బాగా సన్నగా తరిగి వేయండి. ఇటలీలో సెలరీ కాడ కూడా వేస్తారు. మన ఊళ్ళలో అది దొరకడం కష్టం. నేను కొత్తిమీర కాడలు, ఆకులు తీసేసి గుప్పెడు వేస్తాను. వాము ఆకు వేసి చూశాను, ఘాటు ఎక్కువైపోయింది. వీటిని సన్నమంట మీద ఇరవై, పాతిక నిమిషాలు మగ్గనివ్వండి. ఉల్లిపాయ పూర్తిగా మెత్తబడ్డాకే టమాటా వేయాలి. టమాటా పులుపు తగిలితే కూరగాయల్ని గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం బిగుసుకుంటుంది, ఆ తర్వాత ఎంతసేపు ఉడికినా ఉల్లిపాయ పలుకు పలుకుగానే ఉండిపోతుంది. చింతపండు పులుసు ముందే పోస్తే ముక్కలు ఉడకవని మన ఇళ్ళల్లో చెప్పే మాట ఇదే. మెత్తగా మగ్గిన ఉల్లి, క్యారెట్ తీపి తర్వాత సాస్ పులుపుని సగం కాచుకుంటుంది.

ఇప్పుడు టమాటా. ఇటలీ రెసిపీల్లో శాన్ మార్జానో అనే రకం పేరు చూసి ఉంటారు. వెసూవియస్ కొండ దగ్గరి నేలల్లో పండుతుంది. పొడుగ్గా, కండ ఎక్కువగా, నీరు తక్కువగా ఉంటుంది. 1996 నుంచి ఆ పేరుకి యూరప్‌లో ప్రాంతీయ గుర్తింపు రక్షణ కూడా ఉంది. మన సంతలో దొరికే హైబ్రిడ్ టమాటా లారీ ప్రయాణాలకి తట్టుకునేలా తోలు గట్టిగా, లోపల నీరుగా ఉంటుంది. నాటు టమాటాకి రుచి ఉంది గానీ పులుపు ఎక్కువ. రెండూ సగం సగం కలిపితే నాకు బాగా కుదిరింది. కిలో మాంసానికి కిలోన్నర టమాటా, బాగా ఎర్రగా పండినవి. వేడినీళ్ళలో నిమిషం ముంచి తోలు తీసి, చేత్తో చిదమండి. గింజలు పారేయకండి, గింజల చుట్టూ ఉండే జిగురులోనే కమ్మదనం ఎక్కువ. ఆ గుజ్జుని మాంసంలో కలిపేముందే వేరే గిన్నెలో అరగంట ఉడికించి మూడో వంతు ఇగరబెట్టండి. మీ సాస్ పల్చగా ఉండిపోవడానికి కారణం ఈ మెట్టు దాటేయడమే. మాంసం నుంచి వచ్చే నీరూ, టమాటా నీరూ కలిసిపోతే ఇగరడానికి చాలాసేపు పడుతుంది.

సూపర్‌మార్కెట్లో టమాటా పేస్టు డబ్బా దొరికితే రెండు పెద్ద చెంచాలు, మగ్గిన ఉల్లిపాయల్లో వేసి, ఎర్ర ఇటుక రంగు వచ్చేదాకా నూనెలో వేయించండి. చాలా తేడా వస్తుంది. సీసాలో అమ్మే కెచప్ వేయకండి, అందులో చక్కెర, వెనిగర్, మసాలా ఉంటాయి.

వైన్ గురించి అడగలేదు గానీ రెసిపీలో ఉండే ఉంటుంది. టమాటా వేసేముందు ఒక గ్లాసు ఎర్ర వైన్ పోసి పూర్తిగా ఇగరనిస్తారు. మీ ఇంట్లో వాడితే వాడండి, లేకపోతే వదిలేయండి. బదులుగా వెనిగర్ పోస్తే పులుపు ఇంకా పెరుగుతుంది.

ఇక అసలు ఉడకబెట్టడం. ముక్కలు, మూలుగ ఎముక, కొవ్వు, ఇగిరిన టమాటా, రెండు గ్లాసుల వేడినీళ్ళు, పది మిరియాలు. ఒక్క పొంగు రానిచ్చి వెంటనే మంట తగ్గించండి. నేపుల్స్ వాళ్ళకి ఈ ఉడుకుని చెప్పడానికి ఒక ప్రత్యేకమైన మాట ఉంది, పిప్పియారె. సాస్ అడుగు నుంచి ఒక బుడగ నెమ్మదిగా పైకి వచ్చి "తుప్" మని పగలాలి, కొంచెం ఆగి ఇంకోటి రావాలి. ఆ చప్పుడే ఆ మాట. కుతకుత ఉడుకుతుంటే మంట ఎక్కువైనట్టు, అసలు చప్పుడే లేకపోతే తక్కువైనట్టు. మా పెద్దాయన గిన్నెలోకి చూసేవాడు కాదు, వీపు తిప్పుకుని ఇంకో పని చేసుకుంటూ చెవితోనే కనిపెట్టేవాడు.

ఒకసారి భోజనాల వేళ దగ్గరపడుతోందని ఆయన బయటికి వెళ్ళినప్పుడు నేను మంట పెంచాను. పావుగంటలో అడుగంటింది. ఆయన వచ్చి నన్ను తిట్టలేదు. అడుగు గీకకుండా పైకూరని మెల్లగా వేరే గిన్నెలోకి వంచి, మళ్ళీ సన్నమంట మీద పెట్టాడు. మధ్యాహ్నం వడ్డించాల్సింది రాత్రికి వడ్డించాం. మీ కూర కూడా ఎప్పుడైనా అంటుకుంటే అదే చేయండి, గరిటెతో అడుగు కదపకండి.

మన గ్యాస్ పొయ్యిలో చిన్న బర్నర్ సిమ్‌లో పెట్టినా ఈ వంటకి మంట ఎక్కువే. అందుకే బర్నర్ మీద ఇనుప పెనం పెట్టి, దాని మీద గిన్నె పెట్టండి. వేడి ఒకచోట తగలకుండా అంతటా పరుచుకుంటుంది. మూతకీ గిన్నెకీ మధ్య ఒక చెక్క గరిటె అడ్డం పెట్టండి. నేపుల్స్ ఇళ్ళల్లో తరతరాలుగా చేసేది ఇదే. ఆవిరి కొంచెం కొంచెంగా పోతూ సాస్ చిక్కబడుతుంది. ఇరవై నిమిషాలకోసారి అడుగు నుంచి మెల్లగా కలిపి, మరీ చిక్కబడితే వేడినీళ్ళు అరగ్లాసు పోయండి. చన్నీళ్ళు పోయకండి, ఉడుకు ఆగిపోతుంది.

గిన్నె విషయంలో జాగ్రత్త పడండి. సిల్వర్ గిన్నె అని మనం పిలిచే అల్యూమినియం గిన్నెలో టమాటా అన్ని గంటలు ఉడికితే పులుపుకి లోహం కొంచెం కరిగి ఒకరకమైన చేదు రుచి వస్తుంది. పూత లేని ఇనుప మూకుడులో కూడా అంతే, సాస్ నల్లబడుతుంది. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె మంచిది. అంతకన్నా మంచిది మట్టి దాక. మట్టికి వేడి నెమ్మదిగా ఎక్కుతుంది, నెమ్మదిగా దిగుతుంది. ఇటలీలో ఫ్లారెన్స్ పక్కన ఇంప్రునేటా అనే ఊరుంది, కప్పు పెంకులకి, మట్టి సామానుకి పేరు. అక్కడి బట్టీ పనివాళ్ళు మట్టికుండలో పశు మాంసం, వెల్లుల్లి, మిరియాలు, వైన్ వేసి బట్టీ వేడికి గంటల తరబడి వదిలేసేవారట. పెపోసో అనే ఆ వంట ఇప్పటికీ అక్కడ చేస్తారు. కష్టజీవులు చవగ్గా దొరికే గట్టి ముక్కని మెత్తగా చేసుకోవడానికి కనిపెట్టుకున్న దారి అది.

మనకీ ఈ విద్య కొత్త కాదు. పిడకల దాలి మీద పొద్దున్న పెట్టిన పాలు సాయంత్రానికి ఎర్రగా కాగి, మందంగా మీగడ కట్టేవి, చూసి ఉంటారు. లేకపోతే మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. దాలి కూడా ఇటలీ వాళ్ళ బట్టీ లాంటిదే, మంట కనపడదు, వేడి ఆగదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రోజు మా ఇంట్లో కరెంటు పోయింది. ఫ్రిజ్‌లో రెండు కిలోల పిక్క మాంసం ఉంది. ఉంచితే పాడైపోతుంది, గ్యాస్ చూస్తే అయిపోవచ్చింది. వర్షం తెరిపిచ్చాక వసారాలో కుంపటి పెట్టి, సరుగుడు బొగ్గులు రాజేసి, మీద బూడిద కప్పి దాక పెట్టాను. టమాటాలు సరిపడా లేవు, ఉన్నవాటితోనే సరిపెట్టాను. ఐదు గంటలు పట్టింది. కొబ్బరిచెట్లు పడిపోయి దిగాలుగా కూర్చున్న ఇరుగుపొరుగు నలుగురికీ అన్నంలోకి అదే వడ్డించాం. నివురు కప్పిన బొగ్గుల మీద ఆ కూరకి వచ్చిన రుచి గ్యాస్ మీద నాకు మళ్ళీ రాలేదు. మీకు పెరడు ఉండి, ఒక కుంపటి దొరికితే తప్పకుండా ప్రయత్నించండి.

ఎప్పుడు దించాలంటే, గరిటె అంచుతో ముక్కని నొక్కండి. బలం పెట్టకుండా రెండుగా విడిపోవాలి. ఒక్క ముక్కని చూసి నిర్ణయించకండి, మూడు చూడండి, ఒకే పశువులో కూడా అన్ని ముక్కలూ ఒక్కసారి ఉడకవు. సాస్ మీద నూనె ఎర్రగా తేలి అంచుల్లో చేరుతుంది. మన కూరల్లో నూనె తేలితే అయిందంటామే, అదే గుర్తు ఇక్కడా.

అప్పటికీ పుల్లగా ఉంటే ముందు ఉప్పు చూడండి, ఉప్పు తక్కువైనా పులుపు ఎక్కువగా అనిపిస్తుంది. తర్వాత ఒక చిన్న బెల్లం ముక్క, సెనగ గింజంత. కొందరు వంటసోడా చిటికెడు వేస్తారు. పులుపు చచ్చిపోయే మాట నిజమే గానీ టమాటా రుచి కూడా చప్పబడుతుంది, నేను వేయను.

ఆకుల్లో రెండు పొరపాట్లు అందరూ చేస్తారు. బేసిల్ అని రాసి ఉంటే పూజ తులసి వేస్తారు. అది వేరే మొక్క, ఘాటు వేరు. సబ్జా గింజలు కాసే మొక్క ఉంది కదా, రుద్రజడ అంటారు, అదే బేసిల్ జాతి. ఇటలీ రకమంత తియ్యటి వాసన ఉండకపోవచ్చు గానీ దగ్గరి చుట్టం. కుండీలో సబ్జా గింజలు చల్లితే మొలుస్తాయి. నాలుగు ఆకులు దించాక వేయండి. ఇంకోటి, బే లీఫ్ అని ఉంటే మన బిర్యానీ ఆకు వేస్తారు. ఇటలీ ఆకు లారెల్ చెట్టుది, మనది దాల్చినచెక్క జాతి చెట్టుది. వేస్తే బిర్యానీ వాసన వస్తుంది. దొరక్కపోతే మానేయడమే మంచిది.

మీ రెసిపీ వీడియోలో బొలొనీస్ అని ఉంటే అది ఇంకో వంట. బొలోన్యా నగరం రగులో మాంసం సన్నగా తరిగి లేదా కైమా చేసి వేస్తారు, పాలు కూడా పోస్తారు, టమాటా తక్కువ. 1982లో ఇటాలియన్ వంటల అకాడమీ ఆ రెసిపీని అక్కడి వాణిజ్య మండలిలో నమోదు చేసింది, 2023లో సవరించింది. కైమా కాబట్టి దానికి రెండు గంటలు చాలు. పెద్ద ముక్కలకి అదే సమయం పెట్టుకుంటే మీకు జరిగినట్టే జరుగుతుంది.

కుక్కర్ సంగతి. వద్దని చెప్పను, ఇంట్లో పని చేసుకుంటూ నాలుగు గంటలు పొయ్యి కనిపెట్టుకోవడం అందరికీ కుదరదు. కానీ చిక్కటి టమాటా సాస్‌తో కుక్కర్ మూత పెట్టకండి. అడుగంటుతుంది, వెయిట్ దగ్గర రంధ్రం మూసుకుపోయే ప్రమాదం కూడా ఉంది. వేయించిన ముక్కల్ని, ఎముకని మూడు గ్లాసుల నీళ్ళతో కుక్కర్‌లో పెట్టి, విజిల్ వచ్చాక సిమ్‌లో ఇరవై ఐదు నిమిషాలు ఉంచండి. ఆవిరి పోయాక ముక్కల్నీ ఆ రసాన్నీ ఇగిరిన టమాటాలో కలిపి, మూత తీసి గంట, గంటన్నర సన్నమంట మీద ఉడికించండి. రుచి నూటికి ఎనభై వంతులు వస్తుంది. లోపల 120 డిగ్రీల వేడి కాబట్టి ముక్క అంచులు కొంచెం పీచుగా ఉంటాయి, అంతే తేడా. ఎలక్ట్రిక్ స్లో కుక్కర్‌లో వేడి సరిగ్గానే ఉంటుంది గానీ మూత మూసి ఉండడంతో నీరు ఇగరదు. ఉన్నవాళ్ళు వాడుకోవచ్చు, ఈ ఒక్క వంట కోసం కొనకండి.

దేంతో తినాలి? నేపుల్స్‌లో ముందు సాస్ పాస్తాలో కలిపి తింటారు, ముక్కల్ని తర్వాత విడిగా వడ్డిస్తారు. ఉత్తర ఇటలీలోనైతే మొక్కజొన్న రవ్వని సంకటిలా ఉడికించి దాని పక్కన ఇలాంటి కూరలు వడ్డిస్తారు, పొలెంటా అంటారు. మొక్కజొన్న మన రెండు జిల్లాల్లోనూ పండుతుంది. మిల్లులో సన్నరవ్వగా పట్టించుకుని, ఒకటికి నాలుగు వంతుల నీళ్ళతో నలభై నిమిషాలు ఉడికించి చూడండి. పాస్తాకి పిల్లలు సరదా పడతారు గానీ మా ఇంట్లో పెద్దవాళ్ళకి ఇదే నచ్చింది. వేడన్నం కూడా బ్రహ్మాండంగా ఉంటుంది.

క్రిస్మస్‌కి పన్నెండు మందికంటే ఎముక లేకుండా మూడు కిలోల మాంసం తీసుకోండి. ఉడికాక బరువు మూడో వంతుకి పైనే తగ్గుతుంది, దిగులు పడకండి. టమాటాలు నాలుగున్నర కిలోలు, ఉల్లిపాయలు ఆరు, మూలుగ ఎముకలు రెండు. ఒక్క పెద్ద గిన్నెలో కాకుండా రెండు గిన్నెల్లో వండండి, కలపడం తేలిక, అడుగంటదు. పండగ రద్దీలో పిక్క ముక్క దొరక్కపోవచ్చు, కొట్టువాళ్ళకి వారం ముందే చెప్పి ఉంచండి. 23 సాయంత్రం తెచ్చి ఉప్పు రాసి ఫ్రిజ్‌లో పెట్టి, 24వ తేదీ పొద్దున్నే వండేయండి. ఈ కూర మర్నాటికే బావుంటుంది, సాస్ ముక్కలోకి దిగుతుంది.

అయితే పెద్ద గిన్నెడు కూర రాత్రంతా పొయ్యి మీదే వదిలేయకండి. డిసెంబరే అయినా లోపల గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతుంది, మాంసంలో సూక్ష్మజీవులు పెరగడానికి అంతకన్నా అనువైన చోటు లేదు. వెడల్పాటి పళ్ళేల్లోకి పల్చగా సర్ది, చన్నీళ్ళ తొట్టిలో పెట్టి చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేర్చండి. 25 పొద్దున తీసేసరికి సాస్ జెల్లీలా గడ్డకట్టి, పైన కొవ్వు తెల్లగా పేరుకుని ఉంటుంది. సగం కొవ్వు తీసేసి మిగతాది ఉంచండి. చర్చి నుంచి వచ్చాక అరగ్లాసు వేడినీళ్ళు పోసి, పెనం మీద గిన్నె పెట్టి, ముక్క చితకకుండా గరిటెతో కాకుండా గిన్నెని కుదుపుతూ వేడిచేయండి. మధ్యలో కూడా బుడగలు వచ్చి ఒక్క పొంగు పొంగాక దించండి. సబ్జా ఆకులు అప్పుడు వేయండి.